చిన్న అక్షరాల వరుస

ఫిబ్రవరి 2, ఆదివారం

ఈ నోట్‌బుక్ ఎం.ఎస్సీలో ప్రాక్టికల్స్ కోసం కొన్నది. సగం పేజీలు ఖాళీగానే ఉన్నాయి. ఇంట్లో కెమిస్ట్రీ పుస్తకం తెరిచేది నేనొక్కదాన్నే కాబట్టి ఇందులో ఏం రాసుకున్నా ఫికర్ లేదు.

ఇవాళ చర్చి పూజలో బైబిల్ రెండో పఠనం మా బాపు చదివాడు. ఇరవై రెండేళ్లుగా ఆయనే చదువుతున్నాడు. బొగ్గు గనిలో పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని ఆయనది. మైకు ముందు కూడా అట్లాగే నిలబడతాడు, మీదున్నదేదో భుజాలతో ఆపుతున్నట్టు. చివరి బెంచీలో కూర్చునే చెవిటి ముసలమ్మకు సైతం ప్రతి ముక్కా వినబడాలి ఆయనకు.

మెడికల్ బోర్డు నుంచి కాగితం వచ్చింది. ఈ నెల ఇరవైన. బాపు అన్‌ఫిట్ అని తేలితే ఆయన బదులు నాకు ఉద్యోగం. మూడేళ్లుగా రాస్తున్న పరీక్షలు, ప్రైవేటు బడిలో ఎనిమిదో తరగతికి ఆమ్లాలూ క్షారాలూ చెప్పడం, అన్నీ అక్కడితో సరి. దరఖాస్తు పెడదామని బాపే అన్నాడు. షుగర్ ఉంది. ఎడమ కన్ను మసక. ఇందులో అబద్ధమేమీ లేదు.

తీతు కాకకు కూడా అదే తేదీ. కాక, బాపు ఒకే గని, ఒకే షిఫ్టు, చర్చిలో ఒకే బెంచి. కాకకు అన్‌ఫిట్ వస్తే ఆ ఉద్యోగం వాళ్ల సుజితకు. నేనూ సుజితా హెల్మెట్లు పెట్టుకొని ఒకే బస్సు ఎక్కుతామట. ఇద్దరం నవ్వుకున్నాం.

ఫిబ్రవరి 9, ఆదివారం

బిషప్‌గారి మేత్రాసనం వాళ్ల కేలండర్ ముందుగదిలో వేలాడుతుంది. పైన నెల పేరు పెద్ద అక్షరాల్లో, కింద తేదీల అంకెలు, ఒక్కో అంకె కింద ఆ రోజు పునీతుల పేరు చీమల బారులాగా. బోర్డులో కూడా కళ్ల పరీక్ష చార్టు ఇట్లాగే ఉంటుందని విన్నాను, పెద్దవాటి నుంచి చిన్నవాటికి. బాపును తలుపు దగ్గర నిలబెట్టి, కుడి కన్ను మూయించి, స్కేలుతో చూపించాను.

"ఏం కనబడ్తాంది?"

"పునీత అపొల్లోనియమ్మ."

"బాపూ, అది కనబడొద్దు."

"కనబడ్తాంది గద బిడ్డా."

"కనబడ్డా అనొద్దు. అంకెల దగ్గర ఆగాలె."

"అంకెల దాక ఒప్పుకొని, పునీతుల కాడికి వచ్చేసరికి నేనెరుగ అనాల్నా?"

నవ్వాడు. నేనూ నవ్వాను. వంటింట్లో అమ్మ గిన్నె మీద మూత గట్టిగా పెట్టింది. మా అమ్మ సుగుణమణి అట్లాగే మాట్లాడుతుంది, మూతలతో.

ఎన్నిసార్లు చెప్పినా ఆగలేకపోయాడు. మా వంశంలో చదువు నేర్చిన మొదటి మనిషి ఆయన. అక్షరం కనబడితే నోరు దానంతట అదే కదులుతుంది. మసక కన్నట. మసక కన్నుకే ఇంత కనబడుతుంటే మంచి కన్ను మాట ఏమిటో.

ఫిబ్రవరి 12

ఇవాళ అంకెల దగ్గరే ఆగాడు. నాలుగుసార్లు.

ఫిబ్రవరి 20, గురువారం

సాయంత్రం బాపు వచ్చి గడపలో కూర్చొని బూట్ల తాళ్లు విప్పుకున్నాడు. "ఆగిన" అన్నాడు. అంతే. తర్వాత కాళ్లు కడుక్కుంటూ చాలాసేపు పెరట్లోనే ఉండిపోయాడు.

వెనకాలే తీతు కాక మిర్చి బజ్జీల పొట్లంతో దిగాడు. మనిషి పెళ్లికి పోయి వచ్చినంత హుషారుగా ఉన్నాడు. సుజిత పక్కనే ఉంది.

"డాక్టరమ్మ ఏ వరుస చూపిచ్చినా గడగడ చెప్పిన. నాకన్న ముంగట నిలబడ్డోడు సదువుతుంటే విన్న గద. గదే అప్పజెప్పిన. కింది వరుస నాకేడ కనబడ్తది? మనిషి మొఖమే మసక మసక."

"మరి బోర్డుకు ఎందుకు పోయినట్టు నాన్నా?" అంది సుజిత. "బజ్జీలు తెచ్చేటందుకా?"

కాక బజ్జీ నోటి దగ్గర పెట్టుకొని ఆగిపోయాడు. "ముప్పై ఏండ్లు బొగ్గు బాయిల పని చేసినోన్ని. ఆడిపిల్ల, ఇగో ఈ మన దీప అంత ఉంటది. ఆమె ముంగట కనబడ్తలేదంటే ఇజ్జత్ పోదా? అప్పుడు నువ్వు యాదికి రాలె బిడ్డా."

అందరం నవ్వాం. బాపు నవ్వలేదు. సుజిత నవ్వుతున్నట్టు మొహం పెట్టింది.

ఫిబ్రవరి 27

బాపు అన్‌ఫిట్. తీతు కాక ఫిట్.

సుజిత వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నువ్వన్న బయటపడ్డవ్" అంది. ఆ మాటలో ఎక్కడా ముల్లు లేదు. ముల్లు ఉంటే బాగుండేది. అమ్మ ఇవాళ తియ్యటిది ఏదీ చెయ్యలేదు.

మార్చి 1, శనివారం

బాపు రేపటి పఠనం చూసుకుంటున్నాడు. ముందురోజే ఒకసారి చదివి పెట్టుకోవడం ఆయన అలవాటు. నేను వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

"రేపు చదవొద్దు బాపూ. జైపాల్ సార్ వస్తడు."

జైపాల్ సార్ కంపెనీ ఆఫీసులో క్లర్కు. మా కాగితాలన్నీ ఆయన టేబుల్ మీది నుంచే పోవాలి. భార్య మా చర్చి ఆమె. ఆమెతో వచ్చి మూడో బెంచీలో కూర్చుంటాడు. చూపు లేదని ఇల్లు పట్టిన మనిషి మైకు ముందు నిలబడి చీమల్లాంటి అక్షరాలు చదువుతుంటే ఆయనేమనుకుంటాడు?

"ఎన్ని ఆదివారాలు?" అన్నాడు బాపు.

"ఆర్డర్ చేతికొచ్చేదాక. ఆరో, ఏడో."

"అంటే ఈస్టర్ దాక. తపస్సు కాలమంత."

"అవును."

"పవిత్ర శుక్రవారం గూడనా?"

ఆయన పఠనాల పుస్తకం మూసి, గుర్తుగా పెట్టుకునే ఎర్ర రిబ్బన్ సరిచేసి, నా ఒళ్లో పెట్టాడు. నేను లాక్కోలేదు. ఆయనే ఇచ్చాడు.

మార్చి 2, ఆదివారం

పూజకు ముందు ఫాదర్‌గారితో చెప్పాను. బాపుకు కళ్లు ఇబ్బందిగా ఉన్నాయి, ఇకనుంచి నేను చదువుతాను. ఫాదర్‌గారు బాపు వైపు చూశారు. బాపు నేల వైపు చూశాడు.

చదివాను. బయటికి వచ్చాక నలుగురు, "అచ్చం మీ బాపు ఇమ్మాన్యుయేల్ గొంతే" అన్నారు. బాపు చివరి బెంచీలో, ఆ చెవిటి ముసలమ్మ పక్కన కూర్చున్నాడు. ఆమె దారిలో ఆపి అడిగింది, "నీ బిడ్డ ఇయ్యాల ఏం సదివింది అయ్యా, నాకేం ఇనబడలే."

మార్చి 5, విభూది బుధవారం

నుదుటి మీద బూడిద పెట్టుకొని చౌరస్తా దాకా నడిచాను. ఈ ఊళ్లో ఎవరూ గమనించరు. బొగ్గు మసితో అందరి మొహాలూ అట్లాగే ఉంటాయి.

మార్చి 16, ఆదివారం

విశ్వాసుల ప్రార్థనలు రాసిన కాగితం మైకు దగ్గర పెట్టి ఉంది. ముందుగా చూసుకోలేదు. పోపుగారి కోసం, పాలకుల కోసం, గనుల్లో పనిచేసేవారి కోసం చదివాను. నాలుగోది తీతు కాక రాయించినది. మా సంఘస్థులు ఇమ్మాన్యుయేల్ గారికి మంచి చూపు తిరిగి ప్రసాదించమని.

చదివాను. ఇంకేం చెయ్యను. గుడి నిండా మనుషులు ఒక్క గొంతుతో జవాబు చెప్పారు. నేను కాగితం మీంచి తల ఎత్తలేదు.

బయట కాక నా దగ్గరికి వచ్చాడు. "బిడ్డా, బాపుకు చెప్పకు. ఆయన కండ్ల కోసమని తంబాకు ఇడిసిపెట్టిన. ఈస్టర్ దాక. బాయిల దిగినంక నోరు గుంజుతాంది గని, ఓర్సుకుంటాన."

"కాకా, నీ కండ్లు ఎట్లున్నయి?"

"నాకేమైంది, ఫిట్ గద నేను" అని నవ్వాడు. మెట్టు దిగుతూ కాలు తడబడితే గోడ పట్టుకున్నాడు. "ఈ మెట్టు మొన్న లేకుండె" అన్నాడు. ఆ మెట్టు నా బాప్తిస్మం నాటి నుంచీ ఉంది.

మార్చి 17

నిన్న రాసింది చదువుకున్నాను. కాక కళ్లకు, మా బాపు కళ్లకు సంబంధం లేదు. కాకను ఫిట్ అన్నది బోర్డు, నేను కాదు. తన నోటితో కాకే చెప్పుకున్నాడు.

మార్చి 24, సోమవారం

బాపు బయటికి పోతే అమ్మ చెయ్యి పట్టుకొని రోడ్డు దాటుతున్నాడు. అది నేను చెప్పిందే. జైపాల్ సార్ వాళ్ల క్వార్టరు మా వెనక వరుసలోనే ఉంది.

కానీ ఇవాళ బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఇంకెవరూ లేరు, కిటికీలు మూసి ఉన్నాయి. బాపు ఒక్కడే, ముందుగది నుంచి వంటింట్లోకి గోడ తడుముకుంటూ పోతున్నాడు. నేను వచ్చినట్టు ఆయనకు తెలియదు. కుండ దగ్గర చేత్తో వెతికి గ్లాసు అందుకున్నాడు. అప్పుడు నన్ను చూశాడు. చెయ్యి గోడ మీంచి తీసేశాడు.

"అలవాటు కావాలె గద" అన్నాడు.

చదివేటప్పుడు పెట్టుకునే కళ్లజోడు మాత్రం ఇంకా చొక్కా జేబులోనే ఉంది.

ఏప్రిల్ 9, బుధవారం

ఫాదర్‌గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, పాపసంకీర్తనానికి పోయాను. ఈస్టర్‌కు ముందు పోకపోతే అమ్మ మూతల భాషలో అడుగుతుంది.

చెప్పాను. మొత్తం కాదు, కానీ చెప్పాను. అబద్ధం ఆడించాను అన్నాను. జాలీ వెనక నుంచి ఫాదర్‌గారు అడిగారు.

"ఎవరికైనా నష్టం జరిగిందా?"

"లేదు ఫాదర్. కంపెనీకి ఒక మనిషి పోయి ఒక మనిషి వస్తుంది. అందరూ చేసేదే."

"మరి ఎందుకు వచ్చావమ్మా?"

బాధగా ఉంది ఫాదర్ అన్నాను.

"తీసుకున్నది తిరిగి ఇవ్వకుండా బాధపడితే అది పశ్చాత్తాపం కాదమ్మా, ఉత్త బాధ. అది అందరికీ ఉంటుంది."

"నేనేం తీసుకోలేదు. ఉద్యోగం ఇంకా రానేలేదు."

"ఉద్యోగం మాట తర్వాత. ముందు మీ నాన్న చేతిలోంచి తీసుకున్నావు చూడు, అది. ఎప్పుడిస్తావు?"

"ఆర్డర్ వచ్చాక."

"అయితే అప్పుడే రా. ఈ జాలీ ఎక్కడికీ పోదు."

ఆయన పాపవిమోచన మాటలు పలకలేదు. చెయ్యి ఎత్తలేదు. నేను బయటికి వచ్చి, ప్రాయశ్చిత్తం దొరికినదానిలాగా అందరూ చూసేట్టు పీఠం ముందు మోకరించి ఒక జపం చెప్పుకున్నాను. లేకపోతే ఇంత తొందరగా లేచిపోయిందేమిటి అనుకుంటారు.

ఫిబ్రవరి రెండున రాసింది అబద్ధం. దరఖాస్తు పెడదామని బాపు అనలేదు. నేనే అన్నాను, నేనే నింపాను, వేలు పెట్టి సంతకం ఎక్కడ చెయ్యాలో నేనే చూపించాను. ఎవరూ తెరవని పుస్తకంలో కూడా నాకు నేను అబద్ధం రాసుకున్నాను. మార్చి ఒకటిన రాసింది కూడా అంతే. పఠనాల పుస్తకం ఆయన ఇచ్చే ముందే నేను చెయ్యి చాపాను.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

పాపవిమోచన లేకుండానే సత్ప్రసాదం తీసుకున్నాను. చదివే మనిషి తీసుకోకపోతే అందరూ చూస్తారు.

ఏప్రిల్ 15, మంగళవారం

జైపాల్ సార్ భార్య చెప్పి పంపింది. ఆర్డర్ టైపు అయిందట. పండుగ తర్వాతి మంగళవారం వచ్చి తీసుకోవాలి.

ఏప్రిల్ 18, పవిత్ర శుక్రవారం

మధ్యాహ్నం మూడింటికి. ఏటా ఈ రోజు శ్రమల సువార్తను పాత్రలుగా పంచుకొని చదువుతారు. ప్రభువు మాటలు ఫాదర్‌గారివి. శిష్యుడు పేతురు మాటలు తీతు కాకవి. రెండు ముక్కలే కాబట్టి కాక నోటికే చెబుతాడు. మధ్యలో కథ నడిపించేదంతా వ్యాఖ్యాత. ఇరవై రెండేళ్లు బాపు. ఈ ఏడు నేను.

మొదలుపెట్టిన కాసేపటికే ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగింది. కిటికీ అద్దాలు గిలగిల్లాడాయి. ఎవరూ తల తిప్పలేదు, మాకు అలవాటే. చదువుతూ బొగ్గుల మంట దగ్గరికి వచ్చాను. చలి కాచుకుంటున్న పేతురును పనిమనిషి అడుగుతుంది, నువ్వు ఆయన మనిషివే కదా అని. కాక మైకు దగ్గరికి వంగి కాదన్నాడు. ఇంకొకరు అడుగుతారు. కాక మళ్లీ కాదన్నాడు.

మూడోసారి కాదన్నది పేతురు గొంతుతో ఉండదు. వ్యాఖ్యాతే చెప్పాలి. చిన్నప్పటి నుంచి ఏటా వింటూ ఈ సంగతి నేను ఎన్నడూ గమనించలేదు. ఆ వాక్యం మీద నా వేలుంది. అక్షరాలు కనబడుతున్నాయి. నోరు కదల్లేదు.

ఎంతసేపో తెలియదు. ఎవరో దగ్గారు. కాక నా వైపు తిరిగి, "సదువు బిడ్డా" అని గుసగుసగా అన్నాడు.

అప్పుడు చివరి బెంచీ నుంచి ఆ వాక్యం వినబడింది. మైకు లేకుండా. బాపు లేచి నిలబడ్డాడు, రెండు చేతులూ ముందు బెంచీ మీద ఆనించి, కళ్లు మూసుకొని. ఆగకుండా చెప్పుకుంటూ పోయాడు. అధిపతి ముందుకు, కొరడాల దగ్గరికి, కొండ మీదికి, సమాధి దాకా. ఫాదర్‌గారి మాటలు వచ్చినప్పుడు ఆగాడు, అయిపోగానే అందుకున్నాడు. ఒక్క ముక్క తప్పలేదు. నేను తెరిచిన పుస్తకం ముందు దొంగలాగా నిలబడి, నా వేలితో ఆయన మాటలను పేజీ మీద వెంబడించాను.

బయటికి వచ్చాక అందరూ బాపు చుట్టూ మూగారు. ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. "కండ్లు గుంజుకున్నా వాక్కు ఉంచిండు దేవుడు" అంటూ జైపాల్ సార్ బాపు చెయ్యి పట్టుకొని ఊపాడు. తీతు కాక పిల్లవాడిలాగా ఏడ్చాడు. ఫాదర్‌గారు దూరంగా నిలబడి నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. జాలీ దగ్గర విన్నాక, చూడకపోవడం ఆయన డ్యూటీ.

ఏప్రిల్ 19, శనివారం

పొద్దున బాపు పెరట్లో మల్లె పాదుకు నీళ్లు పోస్తున్నాడు.

"నిన్న కండ్లెందుకు మూసుకున్నవ్ బాపూ? నోటికొచ్చినోనివి, తెరుసుకొని గూడ చెప్పొచ్చు."

"తెరిస్తే నువ్వు కనబడ్తవ్."

చెంబు ఖాళీ అయ్యేదాకా పోసి అన్నాడు, "నీ ఒక్కదాని మీద ఏసుకోకు. ఆడ బోర్డుల ఆగింది నేను. నోరు నాది. నువ్వు నేర్పినవ్ గని, అంతకు ముందు ఇరవై రెండేండ్లు ఆ పుస్తకం నాకు నేర్పింది ఏడ పోయింది?"

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో మూత లేదు. "నిన్న నిన్ను అందరు మెచ్చుకుంటాంటె నాకు నేలల పోవాల్ననిపిచ్చిందయ్యా" అంది.

ఏప్రిల్ 20, ఈస్టర్

పొద్దుటి పూజ. మొదటి పఠనం నాది. మొన్న శుక్రవారం ఎరుగనన్న అదే పేతురు, ఇప్పుడు పదిమంది ముందు నిలబడి, మేము చూశామని చెప్పే పఠనం.

కీర్తన ఆగింది. నేను పుస్తకం తీసుకొని మైకు వైపు పోకుండా మధ్యదారిలో వెనక్కి నడిచాను. మూడో బెంచీ దాటుతుంటే జైపాల్ సార్ కాళ్లు పక్కకు జరుపుకున్నాడు, బయటికి పోతున్నాననుకొని. చివరి బెంచీ దగ్గర ఆగి, ఎర్ర రిబ్బన్ ఉన్నచోట తెరిచి, బాపు చేతుల్లో పెట్టాను.

బాపు నన్ను చూశాడు. పక్కన తీతు కాకను చూశాడు. జేబులోంచి కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి పెట్టుకున్నాడు. నడిచి వెళ్లాడు. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు, గోడ తడమలేదు. చదివాడు. కిందికి చూస్తూ, వరుస వరుసా, వేలు పెట్టకుండా. రేపట్నుంచి ఏమవుతుందో తెలిసిన మనిషిలాగా నెమ్మదిగా చదివాడు. గుడిలో ఒక్క చీర కూడా కదలలేదు. అయిపోయాక చెవిటి ముసలమ్మ గట్టిగా, "ఇయ్యాల ఇనబడ్డది" అంది.

నేను సత్ప్రసాదానికి లేవలేదు. చూసేవాళ్లు చూశారు.

బయట అందరూ పక్కనుంచి తప్పుకొని పోయారు. కాక ఒక్కడే ఉండిపోయాడు. మొహం ఎర్రగా ఉంది. నేను మొత్తం చెప్పాను, కేలండర్‌తో సహా. ఈసారి ఏమీ వదల్లేదు. సుజిత వింటోంది. విని, గేటు దాకా పోయి, అటు తిరిగి నిలబడింది.

కాక బాపు వైపు తిరిగాడు. "అన్నా, నీకు కనబడంగ కనబడ్తలేదన్నవు. నాకు కనబడక కనబడ్తాంది అన్న. ఇద్దర్ని కలిపితె ఒక్క ఫిట్ మనిషి." నవ్వలేదు. "నీ కండ్ల కోసం నలభై దినాలు నోరు కట్టుకున్న నేను."

"తెల్వదు తీతూ."

"నీకు తెల్వదు. దేవునికి తెల్సు గద. ఎంత నవ్వుకున్నడో." జేబు తడుముకున్నాడు, డబ్బా లేదు. "ఎవలన్న ఇంత తంబాకు పెట్టుండ్రి" అని గేటు వైపు నడిచాడు.

ఏప్రిల్ 22, మంగళవారం

ఆఫీసుకు ముగ్గురం పోయాం, అమ్మ కూడా. జైపాల్ సార్ తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించాడు.

"ఇమ్మాన్యుయేల్, ఆదివారం నేనేం చూడలె. నోటికి చదివినవ్ అనుకున్న. అందరు అట్లనే అనుకున్నరు. ఆర్డర్ ఇదిగో, తీస్కపోండ్రి."

నా పేరు ఉంది దాని మీద. ఇంటిపేరుతో సహా, తప్పు లేకుండా. చెయ్యి చాపలేదని రాసుకోవాలని ఉంది. సగం చాపాను.

"చూసినవ్ గద జైపాల్" అన్నాడు బాపు.

మళ్లీ పరీక్ష చెయ్యమని బాపు అర్జీ రాసి సంతకం పెట్టాడు. డిపెండెంటుగా నా సంతకం కూడా కావాలట. ఎక్కడ చెయ్యాలో ఈసారి బాపు వేలు పెట్టి చూపించాడు. విచారణ ఉంటుంది, శిక్ష కూడా ఉండొచ్చు అన్నాడు జైపాల్ సార్. ఆయన గొంతులో కోపం కంటే విసుగు ఎక్కువ ఉంది, మంచి భోజనం వద్దని లేచిపోయిన చుట్టాలను చూసినట్టు.

ఏప్రిల్ 26, శనివారం

జాలీ దగ్గరికి పోయాను. ఎక్కడికీ పోలేదు అది.

మే 4, ఆదివారం

సుజిత ఇంకా నాతో మాట్లాడటం లేదు. కానీ ఇవాళ వాళ్ల నాన్నను తనే తీసుకొచ్చి మా గడపలో దింపి పోయింది. కాక తనకూ మళ్లీ పరీక్ష చెయ్యమని అర్జీ పెట్టుకున్నాడు. బాపుతో పాటే బోర్డుకు పోతాడు.

కాకను తలుపు దగ్గర నిలబెట్టాను. కేలండర్ పేజీ మారింది. బాపు కుర్చీలో కూర్చొని, కళ్లజోడు పెట్టుకొని పేపరు చదువుకుంటున్నాడు, కిటికీలన్నీ తెరిచి. మే ఒకటి కింద స్కేలు పెట్టాను.

"జోజప్పగారు" అన్నాడు కాక వెంటనే.

"కాకా, అది అందరికీ తెల్సు. కార్మికుల పండుగ. చూసి చెప్పు."

"చూసే చెప్పిన."

స్కేలు ఇంకో తేదీ కిందికి జరిపాను. కళ్లు చికిలించి, వేళ్ల మీద ఏవో లెక్కలు వేసి, ఒక పునీతుడి పేరు చెప్పాడు. ఆయన అక్కడ లేడు. ఇంకోటి. ఇంకో పేరు. మూడుసార్లూ గట్టిగా, మైకు ముందు చెప్పినట్టు చెప్పాడు. బాపు పేపరు దించాడు.

"తీతూ. నేనే ఉన్న ఈడ. డాక్టరమ్మ లేదు."

నాలుగోసారి స్కేలు పెట్టాను. కాక చూశాడు. కేలండర్ వైపు, నా వైపు, మళ్లీ కేలండర్ వైపు. పెదవులు కదిలాయి, ఏదో పేరు నోటిదాకా వచ్చింది. మింగాడు.

"కనబడ్తలేదు బిడ్డా."